అక్షరాలా నూట పదహార్లు

పెళ్ళి పందిట్లో చదివింపుల బల్ల దగ్గర ఇద్దరు కూర్చుంటారు. ఒకాయన కవరు విప్పి, నోట్లు లెక్కపెట్టి, పొడుగాటి పుస్తకంలో పేరుకెదురుగా 1116 అని వేస్తాడు. రెండో ఆయన అది చూసి మైకులో "వెయ్యి నూట పదహార్లు" అంటాడు. చూడడానికీ పలకడానికీ మధ్య రెప్పపాటు కూడా పట్టదు. "ఒకటి వెయ్యి, ఒకటి వంద, పదహారు" అనాలని ఆయనకు తోచనే తోచదు. వెయ్యి ముందున్న ఒకటిని మింగెయ్యాలనీ, వందను నూట చెయ్యాలనీ, పదహారును పదహార్లుగా సాగదీయాలనీ ఏ బడిలోనూ ఎవరూ చెప్పి ఉండరు. ఇంట్లో విన్న మాట నాలుక మీద ఆ పనంతా చేసిపెడుతుంది.

అదే పని కంప్యూటరు చేత చేయించాలని కూర్చుంటే, ఆ రెప్పపాటులో ఎంత వ్యాకరణం ఇమిడి ఉందో తెలిసొస్తుంది.

జావాస్క్రిప్టు నేర్చుకునేవాళ్ళ చేత చాలామంది గురువులు చేయించే అభ్యాసం ఇది. పేజీలో ఒక చిన్న పెట్టె ఉంటుంది. అందులో అంకెలు టైపు చేస్తూ ఉంటే కింద మాటలు కనిపించాలి. ఇంగ్లీషుకైతే దారి నలిగిపోయిందే. ఒకటి నుంచి పంతొమ్మిది దాకా పేర్లు ఒక జాబితా, ఇరవై నుంచి తొంభై దాకా పదుల పేర్లు మరో జాబితా. అంకెల్ని వెనకనుంచి మూడేసి చొప్పున విడగొట్టి, మధ్యలో థౌజండ్, మిలియన్ తగిలిస్తే సరిపోతుంది. అక్కడ హండ్రెడ్ ఎప్పుడూ హండ్రెడే. ముందు ఏముంది, వెనక ఏముంది అన్నది దానికి పట్టదు.

ఈ వ్యాసకర్త కూడా మొదట ఆ దారినే నడిచాడు. తాను ఉండే అపార్టుమెంటు సంఘానికి మెయింటెనెన్సు రసీదులు తెలుగులో రావాలన్నది కోరిక. ఇంగ్లీషు జాబితాల్లోని మాటలు తీసేసి వాటి చోట తెలుగు మాటలు పెట్టాడు. ప్రోగ్రాం ఏ తప్పూ చూపించకుండా నడిచింది. రసీదు మీద మాత్రం "రెండు వెయ్యి ఐదు వంద రూపాయలు మాత్రమే" అని పడింది. కింది అంతస్తులో ఉండే రిటైరైన తెలుగు మాస్టారు ఆ కాగితం పుచ్చుకుని, జేబులోంచి కలం తీసి, ఆ వరస కొట్టేసి, పైన "రెండు వేల ఐదు వందల రూపాయలు" అని గుండ్రటి అక్షరాలతో రాసి తిరిగి చేతిలో పెట్టారు. ఒక్క మాటా అనలేదు. ఆ దిద్దిన కాగితం నెలల తరబడి కంప్యూటరు పక్కనే ఉండిపోయింది.

ఆయన పట్టింపు చాదస్తం అనుకోవడానికి లేదు. డబ్బు కాగితం మీద అంకెలకంటే అక్షరాలకే విలువ ఎక్కువ. చెక్కులకూ ప్రామిసరీ నోట్లకూ వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881 నాటిది. అందులో 18వ సెక్షను ఒకే సంగతి చెబుతుంది: అంకెల్లో ఒకటీ అక్షరాల్లో ఒకటీ ఉంటే, అక్షరాల్లో ఉన్న మొత్తమే చెల్లుతుంది. అంకెకు పక్కన ఒక సున్నా చేర్చడం చిటికెలో పని. 1ని 7 చెయ్యడానికి ఒక గీత చాలు. మాటను మార్చాలంటే చోటూ కావాలి, చేతివాటమూ కావాలి. అందుకే నోటు రాయించుకునేటప్పుడు "అక్షరాలా ఇరవై వేల రూపాయలు" అని రాయిస్తారు. నోటు మీద కనిపించే ఆ "అక్షరాలా" మామూలు మాటల్లో కూడా వినిపిస్తుంది. ఏదైనా నూటికి నూరుపాళ్ళు నిజమని చెప్పాలంటే తెలుగువాడు ఇప్పటికీ ఆ మాటే వాడతాడు.

తెలుగు సంఖ్యామాటల్లో ఇంకో కాపుదల కూడా ఉంది. "రెండు వందలు" అంటే అక్కడితో అయిపోయింది. "రెండు వందల" అంటే ఇంకా ఏదో రాబోతోంది: యాభయ్యో, రూపాయలో, మనుషులో. చివరి కొమ్ము తలుపు మూస్తుంది, అది లేకపోతే తలుపు తెరిచే ఉంటుంది. "వేలు, వేల", "లక్షలు, లక్షల", "కోట్లు, కోట్ల" అన్నీ అంతే. ఇక వందకైతే తెరిచి ఉంచడానికి ఏకంగా వేరే మాటే ఉంది. "నూట" ఒంటరిగా నిలబడదు, వెనక ఎవరో ఒకరు రావాల్సిందే. వింటున్నవాడికి సంఖ్య పూర్తి కాకముందే, అది పూర్తి కాలేదన్న సంగతి చేరిపోతుంది. ఇంగ్లీషు "టూ హండ్రెడ్" ఆ కబురు చెప్పదు. దాని పక్కన "ఫిఫ్టీ" వచ్చి నిలబడినా అది ఉలకదు, పలకదు.

ఆ "నూట" ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే ముచ్చటేస్తుంది. ఏరు ఏటి నీరవుతుంది, ఇల్లు ఇంటి గడపవుతుంది, నూరు నూటి అవుతుంది. పాత వ్యాకరణాలు వీటిని ఔపవిభక్తికాలు అన్నాయి. "నూటికి నూరు" అనే రెండు ముక్కల్లో ఆ మాట రెండు రూపాలూ పక్కపక్కనే ఉన్నాయి. వాడుకలో వంద వచ్చి నూరును చాలాచోట్ల పక్కకు నెట్టింది కానీ, నూట ఒకటి నుంచి నూట తొంభై తొమ్మిది దాకా దాని రాజ్యం చెక్కుచెదరలేదు.

కాబట్టి ప్రోగ్రాముకు మొదట నేర్పాల్సింది వెనక్కి తిరిగి చూడడం. సంఖ్యను వందతో భాగించి, భాగఫలం ఒకటి, శేషం సున్నా అయితే "వంద". భాగఫలం ఒకటే, శేషం ఏదైనా ఉంటే "నూట". భాగఫలం రెండూ ఆపైన అయి శేషం లేకపోతే "వందలు", ఉంటే "వందల". శేషం లేకపోయినా "రూపాయలు" అన్న మాట రాబోతుంటే మళ్ళీ "వందల". అంటే మాటలు కూర్చే ఫంక్షనుకు సంఖ్య ఒక్కటే ఇస్తే చాలదు, ఆ తర్వాత ఏమైనా ఉందో లేదో కూడా చెప్పాలి. ఈ రెండో కబురు అందించిన రోజునే రసీదులు తెలుగులోకి వచ్చాయి.

ఒకటితో మరో పేచీ. ఒంటరిగా లెక్కపెడితే "ఒకటి". రూపాయి ముందైతే "ఒక రూపాయి". మరో సంఖ్య పక్కన చేరితే "నూట ఒక్క రూపాయలు", "ఇరవై ఒక్క లక్షలు". వెయ్యి ముందూ లక్ష ముందూ అసలు వినిపించకుండానే పోతుంది. పైగా లక్ష తర్వాత ఇంకేమైనా ఉంటే లక్ష చివర దీర్ఘం తీస్తుంది: "లక్షా యాభై వేలు", "కోటీ ఇరవై లక్షలు". ఆ దీర్ఘంలోనే "మరియు" దాగి ఉంది. తెలుగుకు మరియు వేరేగా అక్కర్లేదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కష్టాలు ఇన్ని ఉన్నా తెలుగు ప్రోగ్రామరు ఒక విషయంలో అదృష్టవంతుడు. హిందీలో ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా దాదాపు ప్రతి సంఖ్యకూ ఓ సొంత రూపం ఉంది. ఇరవై తొమ్మిది "ఉన్‌తీస్", అంటే ముప్పైకి ఒకటి తక్కువ. ముప్పై తొమ్మిది "ఉన్‌తాలీస్". ఏ సూత్రానికీ నమ్మకంగా లొంగవు కాబట్టి జాబితాలో తొంభై తొమ్మిదీ వరసగా రాసుకోవాల్సిందే. తెలుగుకైతే ఒకటి నుంచి పంతొమ్మిది, ఆపైన ఎనిమిది పదులు, మొత్తం ఇరవై ఏడు మాటలు చాలు. ఇరవై పక్కన ఒకటి పెడితే ఇరవై ఒకటి, తొంభై పక్కన తొమ్మిది పెడితే తొంభై తొమ్మిది.

ఆ మొదటి జాబితా టైపు చేస్తుంటే చేతివేళ్ళు పాత తెలుగును తాకుతాయి. పదకొండులో వినిపించే "ఒండు" ఒకటికి పాత పేరు. పన్నెండులో రెండు తల పోగొట్టుకుని తోక మిగుల్చుకుంది. పదిహేనులో ఉన్నది ఐదుకు పాత మాటయిన "ఏను". ఏను ఒంటరిగా ఏ సంతలోనూ వినిపించదు, పదిహేనులో మాత్రం రోజూ పలుకుతూనే ఉంటుంది. ప్రోగ్రాంలో అది కొటేషను గుర్తుల మధ్య నాలుగక్షరాలే కావచ్చు. అయినా ఆ వరస దగ్గర ఒక్క నిమిషం ఆగకుండా ముందుకు పోవడం ఈ వ్యాసకర్తకు ఎప్పుడూ చేతకాలేదు.

ఇక పెద్ద సంఖ్యలు. మూడేసి అంకెల లెక్క ఇక్కడ పనికిరాదు. వెనకనుంచి ముందు మూడు, ఆపైన రెండేసి. వేలు, లక్షలు, కోట్లు. జావాస్క్రిప్టులో ఇంటల్ అనే సదుపాయం ఉంది. భాష తెలుగు, దేశం భారతదేశం అని చెబితే కామాలు సరైన చోటనే పెడుతుంది. 1234567 ఇస్తే 12,34,567 అని తిరిగి ఇస్తుంది. మాటల్లో చెప్పమంటే మాత్రం ఆ పని దాని దగ్గర లేదు. అక్కడినుంచి ఎవరి తిప్పలు వారివే.

కోటి దాటాక వాడుక తెలుగులో కొత్త పేరు లేదు. అర్బుదాలూ ఖర్వాలూ పుస్తకాల్లోనే ఉండిపోయాయి. జనం చేసింది ఇంకా తెలివైన పని: కోట్లనే మళ్ళీ లెక్కపెట్టారు. 2025-26కు ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ 3,22,359 కోట్లు. వార్తలు చదివేవాళ్ళు "మూడు లక్షల ఇరవై రెండు వేల మూడు వందల యాభై తొమ్మిది కోట్లు" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. కోట్ల ముందున్న భాగం దానికదే ఒక పూర్తి సంఖ్య. ప్రోగ్రామర్లు రికర్షన్ అని పాఠం చెప్పే పద్ధతి ఇదే. ఫంక్షను తనను తానే పిలుచుకుంటుంది, కోట్ల సంఖ్యను తనకే మళ్ళీ ఇచ్చుకుని మాటలు తెచ్చుకుంటుంది, చివర "కోట్ల" అని తగిలించి మిగిలిన దాని పని పడుతుంది. బడ్జెట్ రోజున టీవీ ముందు కూర్చున్న ప్రతి ఇంట్లోనూ ఆ పాఠం నడుస్తూనే ఉంటుంది.

ఈ దారిలో ఎంతదూరం పోవచ్చు? జావాస్క్రిప్టు 1995 మే నెలలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో రూపం పోసిన భాష. అందులో మామూలు సంఖ్యలన్నీ అరవై నాలుగు బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలే. పూర్ణాంకాల్ని నమ్మకంగా పట్టుకోగలిగేది 9,00,71,99,25,47,40,991 దాకా. దీన్ని తెలుగు చేస్తే "తొంభై కోట్ల ఏడు లక్షల పంతొమ్మిది వేల తొమ్మిది వందల ఇరవై ఐదు కోట్ల నలభై ఏడు లక్షల నలభై వేల తొమ్మిది వందల తొంభై ఒకటి". దానికి రెండు కలిపి, చివర 993 వచ్చేలా టైపు చేస్తే, సంఖ్యగా మారే క్షణంలో అది చప్పుడు లేకుండా 992 అయిపోతుంది. తెర మీద తప్పు చేశానన్న జాడ కూడా ఉండదు. జావాస్క్రిప్టు 2020 ప్రమాణంలో వచ్చిన బిగ్‌ఇంట్ అనే పెద్ద పూర్ణాంకాల రకం ఆ హద్దు తీసేసింది. అంతకంటే తేలికైన ఉపాయం, టైపు చేసిన దాన్ని సంఖ్యగా మార్చకుండా అక్షరాల వరసగానే ఉంచి, వెనకనుంచి ముక్కలు కోసుకోవడం. ఇక్కడ జరగాల్సిన లెక్కేమీ లేదు, ఉన్నది చదవడమే కదా.

పైసల దగ్గర ఇంకా మెలకువగా ఉండాలి. 4.35ను నూటితో హెచ్చవేస్తే జావాస్క్రిప్టు 435 ఇవ్వదు, 434.99999999999994 ఇస్తుంది. దశాంశం కత్తిరిస్తే రసీదు మీద "నాలుగు రూపాయల ముప్పై నాలుగు పైసలు" అని పడుతుంది. ఒక్క పైసే అనిపించవచ్చు. అంకెల్లో ముప్పై ఐదూ అక్షరాల్లో ముప్పై నాలుగూ ఉన్న కాగితాన్ని మాత్రం ఏ గుమస్తా ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు. ఇక్కడా మందు అదే: చుక్కకు అటూ ఇటూ ఉన్న అంకెల్ని విడివిడిగా చదవాలి.

టైపు చేసే మనిషి చెయ్యి ఎలా ఉంటుందో కూడా ప్రోగ్రాము ఊహించాలి. అలవాటుగా 1,00,000 అని కామాలతో కొడతారు. పార్స్‌ఇంట్ అనే ఫంక్షను మొదటి కామా దగ్గరే ఆగిపోయి, లక్షను "ఒకటి" చేసి చేతిలో పెడుతుంది. తెలుగు అంకెలు ౧౧౬ కొడితే అవి సంఖ్యే కావంటుంది. యూనికోడ్‌లో ఆ అంకెలకు వరసగా పది స్థానాలు ఉన్నాయి, 3174 నుంచి మొదలు. ప్రతి అక్షరం సంకేతం నుంచి 3174 తీసేస్తే అసలు విలువ వచ్చేస్తుంది. ఒక్క తీసివేత చాలు. ఆ ఒక్కటీ చెయ్యకపోవడం వల్ల తెలుగు అంకెలు తెలుగు పేజీలోనే పరాయివి అవుతున్నాయి, అది మనసుకు కష్టంగా ఉంటుంది.

ఇంత చేసినా ప్రోగ్రాముకు తెలియనిది ఒకటి మిగులుతుంది: ఆ సంఖ్య దేని గురించి అన్నది. 1947 అన్నది సంవత్సరమైతే "పంతొమ్మిది వందల నలభై ఏడు", రూపాయలైతే "వెయ్యి తొమ్మిది వందల నలభై ఏడు". 2025 దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా మాయమై రెండూ "రెండు వేల ఇరవై ఐదే". 1500ను దుకాణంలో "పదిహేను వందలు" అంటారు. పిన్‌కోడును అసలు కూడగట్టి చదవకూడదు, ఏ అంకెకు ఆ అంకే. మనుషులైతే ముగ్గురు, నలుగురు, ఏడుగురు, ఆ తర్వాత ఎనిమిది మంది. ఇంటల్ లెక్కలో తెలుగు బహువచనానికి రెండే గదులున్నాయి, ఒకటికి ఒకటి, మిగతా అన్నిటికీ ఒకటి. ముగ్గురుకు అందులో చోటు లేదు. ఒకటిన్నర, రెండుంబావు సంగతి సరేసరి. ధాన్యం కొలిచే చేతులకైతే మొదటి కుంచం "ఒకటి" కూడా కాదు, "లాభం". కళ్ళంలో ఆ మాట వినని మనిషి ఎంత పెద్ద జాబితా రాసినా అందులో ఆ పదం పడదు.

టీ కొట్టు బల్ల మీద ఉండే సౌండ్ బాక్సు ఈ పనిని నోటితో చేస్తుంది. కొట్టాయన చేతులు పాలగిన్నె మీద ఉంటాయి, ఫోను చూసే తీరిక ఉండదు. ఎవరో కోడు స్కాను చేయగానే డబ్బా ఎంత వచ్చిందో పలుకుతుంది. ఆయన తల ఎత్తకుండానే ఊపుతాడు. దానిలో మాటలు ముక్కలుగా అమర్చి ఉన్నా, "వంద" అన్న ముక్కకు తోడు "నూట" అన్న ముక్క వేరేగా ఉండాల్సిందే. లేకపోతే ఆయన తల ఎత్తాల్సి వస్తుంది.

అంకెల్ని మాటల్లోకి మార్చడం తెలుగువాళ్ళకు కంప్యూటరుతో వచ్చిన పనేమీ కాదు. మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన పద్యాల్లోకి తెచ్చినప్పుడు లెక్కలన్నీ ఛందస్సులో ఇమడాల్సి వచ్చింది. పద్యంలో అంకె వెయ్యడం కుదరదు, దానికి గణం తెలియదు. శాసనాల్లో శక సంవత్సరం చెప్పడానికి భూతసంఖ్యలు ఉండేవి: చంద్రుడు ఒకటి, కళ్ళు రెండు, అగ్నులు మూడు, వేదాలు నాలుగు, మన్మథుడి బాణాలు ఐదు, నిధులూ గ్రహాలూ తొమ్మిది, ఆకాశం సున్నా. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు చదువుతారు. ఆ పద్ధతిలో జావాస్క్రిప్టు పుట్టిన సంవత్సరం 1995 "బాణ నిధి గ్రహ చంద్ర". అవే అంకెలు వరసగా వెనకనుంచి 5, 9, 9, 1. దీనికి ప్రోగ్రాం రాయడం రసీదు ప్రోగ్రాం కంటే ఎంతో సులువు. అంకెకో మాట, ఆపైన వరసను తిరగెయ్యడం, అంతే. వందలూ లేవు, వందలా లేవు. ఒకే అంకెకు ఉన్న పది పేర్లలో పద్యంలో ఇమిడేదాన్ని ఏరుకునే పని మాత్రం కవిదే.

రసీదు ప్రోగ్రాము ఇప్పుడు సరిగ్గానే నడుస్తోంది. కొత్తగా ఏ మార్పు చేసినా ఈ వ్యాసకర్త పెట్టెలో టైపు చేసి చూసుకునే సంఖ్యల వరస ఒకటి ఉంది: 1, 100, 101, 116, 200, 250, 1000, 1116, 2500, 100000, 150000, 12000000. 116 దగ్గర "నూట పదహారు" అని పడగానే మనసులో "నూట పదహార్లు" అనుకుంటాడు. లు చేర్చమని ప్రోగ్రాముకు చెప్పలేదు. అది శుభకార్యంలో పలకాల్సిన లు, మెయింటెనెన్సు రసీదులో దానికి పని లేదు.

వరస చివర ఇంకో రెండు పరీక్షలు. సున్నా టైపు చేస్తే కింద "సున్నా" అని రావాలి. తర్వాత అదీ చెరిపేసి పెట్టెను ఖాళీగా వదలాలి. జావాస్క్రిప్టుకు ఖాళీ పెట్టెను సంఖ్యగా మార్చమని చెబితే సున్నా అంటుంది. ఏమీ రాయకపోవడమూ సున్నా రాయడమూ దానికి ఒకటే. పాతకాలం తెలుగు లెక్కల్లో వీటిని కలిపేవాళ్ళు కాదు. పూర్ణాంకం లేని చోట సున్న, భిన్నం లేని చోట హళ్లి. వీసం అంటే పదహారో వంతు, కాని అంటే అరవై నాలుగో వంతు. అలాంటి నాలుగింటి లెక్క భిన్నాలకు వేరే అంకెలే ఉండేవి. 2008లో వచ్చిన యూనికోడ్ 5.1లో వాటికి స్థానాలు దొరికాయి, వాటిలో హళ్లి కూడా ఉంది. "సున్నకు సున్న హళ్లికి హళ్లి" అన్న సామెతలో ఆ రెండు లేకపోవడాలూ విడివిడిగా ఉన్నాయి. అందుకే ప్రోగ్రాం మొట్టమొదటి వరసలోనే ఒక షరతు ఉంది: పెట్టెలో ఒక్క అంకె కూడా లేకపోతే, కింద ఒక్క అక్షరం కూడా రాకూడదు.